ఫ్లాసీ పిన్ని గొంతు

గురువారం సాయంత్రం ఏడున్నర కొట్టేసరికి ఇంగ్లండు నడుమ తాళాలకి పేరుపడ్డ విల్లెన్‌హాల్ వీధులు బోసిపోయేవి. ఆ వేళకి టీవీలో "ఫ్లాసీ పిన్ని దిగింది" అనే హాస్య నాటకం వచ్చేది. లండన్‌లో కాపురం పెట్టిన కుర్ర దంపతులు, వాళ్ల మీదకి చెప్పాపెట్టకుండా దిగబడ్డ పెళ్లాం తరపు పిన్ని. కథంతా అంతే. ఆ పిన్నిది ఏ ఊరో కాదు, విల్లెన్‌హాలే. ఊరి పేరు టీవీలో వినపడటమే అబ్బురం గనక, మొదటివారం జనం కుర్చీలు ముందుకి లాక్కుని మరీ చూశారు. రెండోవారానికి ఆ పిన్ని బుర్ర తక్కువ మనిషని అందరికీ తెలిసిపోయింది. నవ్వారు గానీ, నవ్వుతూ పక్కవాళ్ల మొహాలు చూసుకున్నారు.

ఐరిస్ ట్రాంటర్ మొదటివారం కూడా నవ్వలేదు.

ఆవిడకి యాభై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. తాళాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా పని. తల్లి లియా పోయి నాలుగేళ్లయింది. పోయేదాకా తల్లీకూతుళ్లిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర బతికారు. అందుకే మొదటివారం పిన్ని టీ కప్పు అందుకుంటూ "వేడి చూసి పొయ్యమ్మా, కాలేది నా నాలుక, నీది కాదు" అన్నప్పుడు ఐరిస్ చేతిలోని అల్లిక ఆగిపోయింది. అది లియా మాట. సరే, ముసలమ్మలు ఎవరైనా అనొచ్చులే అని సర్దుకుంది. రెండోవారం పిన్ని కిటికీ దగ్గర నిలబడి వానని తిట్టింది. ఆ తిట్టు కూడా లియాదే. పైగా ఆ గొంతు ఒకటి. ఎక్కడో బాగా ఎరిగిన గొంతులా ఉండి, ఎవరిదో మాత్రం అందకుండా, పంట్లో ఇరుక్కున్న పీచులా వేధించింది. ఒక్క "కెటిల్" అన్న మాట దగ్గర మాత్రం పిన్ని నోరు తేడాగా తిరిగింది. ఆ తేడా కూడా ఐరిస్ చెవిని దాటిపోలేదు.

మూడోవారం వచ్చింది తాళం కథ.

టీవీలో జరిగింది ఇది. పిన్ని తన ఊరినుంచి తెచ్చిన తాళాన్ని అల్లుడి స్నేహితుడికి, ఒక పెద్దమనిషికి, అమ్ముతుంది. ఆయన దాన్ని తన తోలుసంచికి వేసి చూసి, "తాళంచెవి ఏదమ్మా?" అంటాడు. పిన్ని మొహం చాటంత చేసుకుని, "చెవెందుకు బాబూ? చెవి లేకపోతే ఏ దొంగా తీయలేడు గదా" అంటుంది. కనపడని జనం పగలబడి నవ్వారు. అల్లుడు తల పట్టుకున్నాడు.

ఐరిస్ లేచి టీవీ కట్టేసింది. కట్టేశాక కూడా ఆ చీకటి గాజుపలకనే చూస్తూ నిలబడింది.

నిజంగా జరిగింది వేరు. అప్పుడు ఐరిస్‌కి ఏడేళ్లు. ఇంటి వెనక కొట్టంలో తండ్రి, తల్లి, ఇద్దరూ ఇనుప పట్టుడు బిగించిన పనిబల్ల మీదకి వంగి తాళాలు ఆకురాయితో రాస్తూ ఉండేవాళ్లు. ఒకరోజు లండన్‌నుంచి టోకు వ్యాపారి ఒకాయన వచ్చాడు. లియా ఏం చెప్పినా, "ఏమిటీ? మీ భాష మనుషుల భాషేనా? ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు" అని పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి నవ్వాడు. నవ్వుతూనే కొత్త తాళం ఒకటి తీసి, బిగువు చూద్దామని తన సంచికే వేసి నొక్కాడు. రైలు టికెట్టు అందులోనే ఉంది. చెవి ఏదన్నాడు. లియా ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది, అటక మీద మూడో డబ్బాలో, గుడ్డ కింద అని. ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. ఊహూఁ. ఆవిడ గొంతు పెంచలేదు, యాస మార్చలేదు, వేలు కూడా చూపలేదు. ఆకురాయి ఆపకుండా పదకొండుసార్లు చెప్పింది. రైలు వేళ దగ్గర పడుతోంది. చివరికి ఆ పెద్దమనిషి టోపీ తీసి చేత్తో పట్టుకుని, "అమ్మా, కాస్త నెమ్మదిగా చెప్పండి, వింటాను" అన్నాడు. అప్పుడు లియా అంది: "మా ఊళ్లో తాళాలూ అంతే, మాటలూ అంతే బాబూ. తెరవాలంటే మమ్మల్నే అడగాలి, అదీ మర్యాదగా."

ఆయన వెళ్లాక లియా పిల్లల్ని ముందు నిలబెట్టి, "ఈ ముచ్చట గడప దాటిందో, మనకి వచ్చే పని ఆగిపోతుంది. నోరు కుట్టేసుకోండి" అంది. కుట్టేసుకున్నారు. తండ్రి పోయాడు, తల్లి పోయింది, ఆ వ్యాపారీ ఎప్పుడో పోయుంటాడు. ఇక ఆ ముచ్చట తెలిసినవాళ్లు భూమ్మీద ముగ్గురే. ఐరిస్, అన్న క్లెమ్, పెళ్లయ్యాక అతను చెప్పగా విన్న వదిన థర్జా.

ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా! ముగ్గురిలో తను కాదు. అన్నయ్య కానే కాదు, ఎందుకంటే అమ్మ పేరెత్తితే ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటాడు. ఇక మిగిలింది వదిన.

థర్జా మీద అనుమానం రావడానికి ఐరిస్ పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. పక్క పట్నమైన వుల్వర్‌హాంప్టన్‌లో పళ్ల డాక్టరు దగ్గర, వచ్చేవాళ్లని కూర్చోబెట్టే ఉద్యోగం థర్జాది. అక్కడ చేరిన దగ్గర్నుంచీ ఇంటి యాసని గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచేసింది. ఫోనులో రాణిగారి మేనకోడల్లా మాట్లాడేది. అలాంటిదానికి అత్తగారిని నలుగురిలో నవ్వులపాలు చేయడం ఒక లెక్కా? పైగా పళ్ల డాక్టరు దగ్గరికి ఎవరెవరో వస్తారు. నోరు తెరిచి కూర్చున్నవాళ్ల ముందు ఈవిడ నోరు మూసుకుని కూర్చుంటుందా?

మర్నాడు ఫ్యాక్టరీలో పక్కబల్ల ఆవిడ, "పిన్ని అచ్చం నీలాగే మాట్లాడుతుందే ఐరిస్" అంది. వెక్కిరిస్తోందనుకుని ఐరిస్ ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు. లండన్ పక్కనున్న కెంట్‌నుంచి కొత్తగా వచ్చిన తనిఖీ అధికారి, పాస్ చేసిన ప్రతి తాళం పైకెత్తి, "దీనికి చెవి ఇచ్చారా, లేక దొంగల భయమా?" అని అడిగాడు. తాళాలు చేసేవాళ్లంతా తలలు దించుకుని పని చేసుకున్నారు. ఐరిస్ దించుకోలేదు. "ఇచ్చాం. ముందు అడగడం నేర్చుకుంటే దొరుకుతుంది" అంది. ఆయనకది అర్థం కాలేదు.

ఆదివారం టీకి ఎప్పట్లాగే అన్న ఇంటికి వెళ్లింది. ఉడికించిన బఠాణీలు, పంది కాలేయం ఉండలు, రొట్టె. క్లెమ్ నడుం పూర్తిగా వంగిపోయింది. నలభై ఏళ్లు పట్టుడు బల్ల మీద వాలి పనిచేసిన వీపు అది. ఆ ఊళ్లో అలాంటి వీపులు వీధికి నాలుగు కనపడేవి. తినేటప్పుడు ఐరిస్ వదిన చేతులు చూసింది, కళ్లు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటుందేమో చూద్దామని, "గురువారం నాటకం చూశావా వదినా?" అంది.

"నేనలాంటివి చూడను" అంది థర్జా, గిన్నెలు తీస్తూ. మరీ తొందరగా అందనిపించింది ఐరిస్‌కి.

ఆ రోజే ఉచ్చు పన్నింది. గిన్నెలు కడిగేటప్పుడు వదినతో ఒంటరిగా ఉన్నప్పుడు ఒక కథ కల్పించి చెప్పింది. "చివర్లో అమ్మకి ఒక అలవాటుండేది వదినా. బయటనుంచి వస్తే తన తలుపు తనే కొట్టి, కాసేపాగి లోపలికొచ్చేది. పిల్లి ఉలిక్కిపడుతుందట."

థర్జా తడిచేత్తో ఐరిస్ మణికట్టు పట్టుకుంది. "ఇవన్నీ బయట ఎక్కడా అనకే. ముందే మనల్ని చూసి నవ్వుతున్నారు."

ఎంత జాణతనం, అనుకుంది ఐరిస్.

న్యాయంగా ఉండాలి గనక అన్నయ్యకీ ఒకటి చెప్పింది. పెరట్లో అతను ఉల్లినారు చూపిస్తుంటే, "వీధి చివర టెలిఫోన్ పెట్టె ఉంది చూడు. పాస్టరుగారికి ఫోను చేయాలంటే అమ్మ చర్చి టోపీ పెట్టుకుని మరీ వెళ్లేదన్నయ్యా. ఒట్టితలతో ఎలా మాట్లాడను అనేది" అంది. ఇదీ అబద్ధమే. క్లెమ్ నవ్వి, నవ్వి, గోడకి ఆనుకున్నాడు. అతను అలా నవ్వి ఎన్నేళ్లయిందో. అబద్ధం చెప్పినందుకు కాస్త సిగ్గేసింది ఐరిస్‌కి.

తర్వాత నాలుగు గురువారాలు ఏమీ జరగలేదు. అయిదో గురువారం పిన్ని దిగిన ఇంట్లో ఫోను మోగింది. అవతల ఉన్నది పాస్టరుగారని తెలిసి పిన్ని, "ఉండండి బాబూ" అని ఫోను పక్కన పెట్టి, గదంతా వెతికి, టోపీ పెట్టుకుని, అద్దంలో చూసుకుని, అప్పుడు వచ్చి "ఇప్పుడు చెప్పండి" అంది.

జనం ఘొల్లుమన్నారు. తమాషా ఏమిటంటే ఐరిస్‌కీ నవ్వు వచ్చింది. తను కల్పించిన ముచ్చటకి దేశంలో సగం మంది నవ్వుతున్నారని ఆ క్షణాన తనకి తెలియకుండానే ఛాతీ పొంగింది. మరుక్షణం అర్థమైంది. టోపీ కథ చెప్పింది వదినకి కాదు.

శనివారం మధ్యాహ్నం క్లెమ్ కూరమడి దగ్గరికి వెళ్లింది. ఊరి చివర కాలవ గట్టున ఉండేది ఆ మడి, పక్కన చిన్న రేకుల కొట్టం. క్లెమ్ ముక్కాలిపీట మీద కూర్చుని విత్తనాలు ఏరుతున్నాడు.

"టోపీ బాగుంది కదన్నయ్యా" అంది ఐరిస్, నిలబడే.

అతను తలెత్తలేదు. "ఏ టోపీ?"

"అమ్మకి చర్చి టోపీ ఒకటే. అది నాన్న పోయినప్పుడు చిమ్మటలు కొట్టేస్తే పారేశాం. నువ్వే పారేశావు. ఆ టెలిఫోన్ కథ నేను నిన్ను పట్టుకోవడానికి అల్లింది."

క్లెమ్ చేతిలోని విత్తనాలు ఒక్కొక్కటిగా డబ్బాలో వేశాడు.

"నన్ను కూడా అనుమానించావా చెల్లాయ్?"

"నిన్ను అనుమానించలేదు. అందుకే కడుపు మండుతోంది."

అప్పుడు చెప్పాడు. ఏడాది కిందట పేపర్లో ఒక ప్రకటన వచ్చిందట, మీ ప్రాంతపు నిజమైన ముచ్చట్లు రాయండి, టీవీకి కావాలి అని. రాశాడు. లాసెల్స్ అనే రచయిత వుల్వర్‌హాంప్టన్ హోటల్‌కి పిలిచి టీ ఇచ్చి, చేయి కలిపి, "మీలాంటివాళ్లే మాకు కావాలి" అన్నాడట. అప్పట్నుంచి వారం వారం ఉత్తరం.

"ఎంతిచ్చారేమిటి?"

"టీ అని చెప్పానుగా. కేకు కూడా ఇచ్చారు."

"కేకు ముక్కకి అమ్మని ఇచ్చేశావు."

క్లెమ్ లేచాడు. లేచినా అతని కళ్లు ఆవిడ భుజం ఎత్తుకే వచ్చాయి. "మనవాళ్లు టీవీలో ఎప్పుడైనా కనపడ్డారా? కనపడితే తాగుబోతు, లేకపోతే దొంగ దగ్గర నిచ్చెన పట్టుకునే వెర్రివాడు. అమ్మ తెలివి ఒక్కసారి వాళ్లకి చూపిద్దామనుకున్నా. నేను తాళం కథ మొత్తం రాశాను చెల్లాయ్, చివరి మాటదాకా. నకలు ఉంది, చూడు." కొట్టంలోంచి కాగితాలు తెచ్చాడు. నిజమే. పదకొండుసార్లు చెప్పడం ఉంది, టోపీ తీయడం ఉంది, ఆఖరి మాట ఉంది, దాని కింద గీత కూడా ఉంది. "వాళ్లు ముందు సగం తీసుకుని తోక కత్తిరించారు. మూడోవారం అది చూశాక మానేద్దామనుకున్నా. ఈసారైనా సరిగ్గా పెడతారేమో అని మళ్లీ మళ్లీ..."

ఐరిస్ కాగితాలు మడిచి తన సంచిలో పెట్టుకుంది. "ఆ లాసెల్స్‌ని నేను చూడాలి."

ఆఖరి భాగం చిత్రీకరణకి రమ్మని క్లెమ్‌కి రెండు టికెట్లు వచ్చి ఉన్నాయి. థర్జాకి ఇంకా చెప్పలేదు. అన్నాచెల్లెళ్లిద్దరే బుధవారం పొద్దున్న లండన్ రైలెక్కారు. దారిలో క్లెమ్ కుదురుగా కూర్చోలేదు. రగ్బీ అనే ఊరి స్టేషను దాటాక, "అక్కడ నువ్వు ఎక్కువ మాట్లాడకు చెల్లాయ్. మాట్లాడేది నేను మాట్లాడతా" అన్నాడు.

"ఎందుకూ?"

"ఊరికే."

ఇంకేదో ఉంది, అనుకుంది ఐరిస్. మిగతా దారంతా కిటికీలోంచి చూస్తున్నట్టు, అద్దంలో అన్న మొహమే చూసింది.

స్టూడియోలో ఎదురొచ్చిన లాసెల్స్ మెత్తటి మనిషి, మెత్తటి చొక్కా, చేతులు కూడా మెత్తనే. "మీరు రావడం మాకెంతో గౌరవం. మీ ప్రాంతమంటే మా ప్రేక్షకులకు అపారమైన అభిమానం" అన్నాడు.

"మా ప్రాంతం మీరు చూశారా బాబూ?" అంది ఐరిస్.

"వుల్వర్‌హాంప్టన్ హోటల్లో ఒక పూట ఉన్నాను."

ఐరిస్ కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇందులో చివరి సగం ఎక్కడ పడిపోయింది?"

ఆయన చిరునవ్వు చెదరలేదు. "నిడివి సమస్యండీ. అదీ కాక, పిన్ని గెలిచేస్తే ఇక జనం నవ్వేది ఎవరిని చూసి? ఆ లండన్ పెద్దమనిషిని చూసి నవ్వాలంటే, ఇళ్లలో కూర్చున్నవాళ్లు సగం మంది ఆయనలాంటివాళ్లే కదా." ఎంత మర్యాదగా అన్నాడంటే, అది మనసులోకి దిగడానికి ఐరిస్‌కి కొంత సమయం పట్టింది.

ఆ సమయంలోనే పిన్ని వేషం వేసే నటి అటుగా వచ్చింది. రోజలిండ్ వెర్నీ ఆవిడ పేరు. వేషం లేకపోతే నలభై ఏళ్లకి మించవు. మాట తేటగా, ఏ ఊరిదీ కానట్టు ఉంది. లాసెల్స్ పరిచయం చేశాడు. ఐరిస్ "బాగున్నావామ్మా" అంది, అంతే. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇంకో మాట అనండి."

"ఏమనాలి?"

"అయ్యో, మీరేనా!" అంది నటి. "ఆ టేపులో ఉన్నది మీరే. ఆదివారం టీ. బఠాణీల్లో ఉప్పెక్కువైందన్నారు. ఆ టేపు నేను రెండు నెలలు రోజూ విన్నాను."

ఐరిస్ మెల్లగా అన్న వైపు తిరిగింది. క్లెమ్ నేల చూస్తున్నాడు. ఇంట్లో టీ బల్ల కింద, గుడ్డ చాటున, అరువు తెచ్చిన రికార్డింగ్ యంత్రం పెట్టాడట. ఒక్క ఆదివారం మాత్రమే, అని గొణిగాడు. పిన్ని గొంతు సరిగ్గా రావాలంటే ఎవరిదైనా అసలు గొంతు కావాలన్నారట. అమ్మ లేదు. అమ్మ గొంతుకి దగ్గరగా ఉన్నది చెల్లెలిదేనట.

ఎనిమిది వారాలుగా తనని వేధించిన గొంతు ఎవరిదో ఐరిస్‌కి అప్పుడు తెలిసింది. ఎవరి గొంతు వాళ్లకి బయటనుంచి వినపడితే పరాయిదిలాగే ఉంటుంది. దేశమంతా బుర్ర తక్కువదని నవ్విన నోరు ఆవిడదే. పక్కబల్ల ఆవిడ వెక్కిరించలేదు, ఉన్నమాటే అంది.

ఐరిస్ ఏడవలేదు, తిట్టలేదు. నటి వైపు తిరిగింది. ఇలా అంది: "అన్నీ నా దగ్గర నేర్చుకున్నావు గానీ, ఆ కెటిల్ నాది కాదు. అది డార్లాస్టన్ కెటిల్."

డార్లాస్టన్ అంటే విల్లెన్‌హాల్‌కి రెండు మైళ్లు. అక్కడ బోల్టులు చేస్తారు, ఇక్కడ తాళాలు. ఆ రెండు మైళ్లలో మాట మారుతుందని బయటివాళ్లకి తెలియదు.

నటి ఐరిస్‌ని తన గదిలోకి లాక్కెళ్లి తలుపేసింది. అద్దం ముందు కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, గొంతు మార్చింది. కాదు, మార్చడం మానేసింది. "నా పేరు నెల్లీ ఫాక్సాల్. మా నాన్న బోల్టుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నాటక పాఠశాలలో మొదటిరోజే మాస్టారు నన్ను నిలబెట్టి ఒక పద్యం చదివించారు. అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే యాస పీక నులిమేశాను. ఇరవై ఏళ్ల తర్వాత ఈ వేషం కోసం మళ్లీ కావాల్సి వస్తే, వెతికినా దొరకలేదండీ. మీ టేపు విని నేర్చుకోవాల్సి వచ్చింది. వినగా వినగా నాది కూడా కొంచెం కొంచెం తిరిగొచ్చింది. నేను ఆ ఊరిదాన్నని ఇక్కడ ఎవరికీ తెలియదు. చెప్పకండి."

ఐరిస్ నమ్మలేదు. నటి కదా, కన్నీళ్లు కూడా జీతంలో భాగమే. "మీ నాన్న ఏ వీధి?" అని అడిగింది. ఆవిడ చెప్పింది. "ఆ వీధి మొదట్లో ఏ దుకాణం?" అదీ చెప్పింది. "కొట్టువాడికి ఏ చెయ్యి లేదు?" "ఎడమది. కానీ రొట్టె కోసేటప్పుడు మోచేత్తో పట్టుకునేవాడు." అప్పటికి ఐరిస్ కూర్చుంది. కూర్చుని తాళం కథ మొదట్నుంచి ఆఖరిదాకా చెప్పింది. పదకొండుసార్లు అన్నచోట నెల్లీ నవ్వింది. ఆఖరి మాట దగ్గర నవ్వలేదు.

ఆ సాయంత్రం మూడువందల మంది జనం ముందు చిత్రీకరణ జరిగింది. ఒకచోట అల్లుడు, "ఈవిడ చెప్పేది ఒక్క ముక్క అర్థం కావడం లేదు" అని విసుక్కోవాలి, పిన్ని వెర్రిమొహం వేయాలి. నెల్లీ వెర్రిమొహం వేయలేదు. అల్లుడి వైపు తిరిగి, టేపులోని గొంతు కాకుండా తన సొంత డార్లాస్టన్ గొంతుతో, నింపాదిగా, "మా ఊళ్లో తాళాలూ అంతే, మాటలూ అంతే బాబూ. తెరవాలంటే మమ్మల్నే అడగాలి, అదీ మర్యాదగా" అంది.

తర్వాత లేచిన నవ్వు ఐరిస్ ఎన్నడూ వినని నవ్వు. ఎవరినో కింద పడేసి నవ్వే నవ్వు కాదది. చప్పట్లు కొట్టారు. పక్కన క్లెమ్ మోకాళ్ల మీద చేతులు బిగించుకుని కూర్చున్నాడు, చెంపలు తడిగా ఉన్నాయి. ఐరిస్ అతని వైపు చూడలేదు గానీ, జేబురుమాలు తీసి అతని ఒళ్లో పడేసింది.

లాసెల్స్ వచ్చి, "చాలా బాగుంది. ఇప్పుడు రాసినట్టు ఇంకోసారి చేద్దాం" అన్నాడు. చేశారు.

మూడువారాల తర్వాత ఆ భాగం టీవీలో వచ్చింది. ఐరిస్ ముందే అనుమానించింది, ఆ మాట ఉండదని. ఉంది. అదే ఇంకా ఘోరమైంది, తర్వాతెప్పుడో దాన్ని తిరగేసి అల్లుడి నోట పెట్టారు. పిన్ని వెర్రిమొహం వేస్తుంది. అల్లుడు జనం వైపు తిరిగి, "ఈవిడ మాట కూడా వాళ్ల ఊరి తాళంలాంటిదే. చెవి పారేసి చేస్తారు" అంటాడు. నవ్వాడు అల్లుడు, అల్లుడితోపాటు లండన్ అంతా.

క్లెమ్ మర్నాడే లాసెల్స్‌కి ఉత్తరం రాశాడు, టేపు వెనక్కి పంపమని. రెండోసారి రాశాక వచ్చింది. దాన్ని తెచ్చి ఐరిస్ గుమ్మంలో నిలబడి, "నీ గొంతు నీకు" అన్నాడు. లోపలికి రమ్మనలేదు ఐరిస్. టేపు తీసుకుంది. పై ఆదివారం టీకి మాత్రం ఎప్పట్లాగే వెళ్లింది, వెళ్లగానే వంగి బల్ల కింద చూసింది. క్లెమ్ గుడ్డ ఎత్తి పట్టుకున్నాడు.

ఆరోజే వదినకి చెప్పేసింది. "ముందు నిన్నే అనుకున్నాను. పిల్లి కథ నీ కోసం అల్లాను."

థర్జా చేస్తున్న పని ఆపలేదు. "అల్లావని అప్పుడే తెలుసు. మీ అమ్మ పిల్లికోసం ఆగే మనిషా? నేనే ఆవిడ గుమ్మంలో ఎన్నిసార్లు ఆగానో." గొంతు తగ్గించి, ఐరిస్ చాలా ఏళ్లుగా వినని ఇంటి యాసలో అంది: "నేను గొంతు మార్చుకున్నది నవ్వు పడలేక. నవ్వించడానికి అమ్ముతానని ఎలా అనుకున్నావే?"

ఆ పూట గిన్నెలన్నీ ఐరిసే కడిగింది.

ఆ నాటకం రెండో ఏడు మళ్లీ వచ్చింది, పిన్ని లేకుండా. ఆస్ట్రేలియాలో చుట్టాల దగ్గరికి పోయిందని ఒక ముక్కలో తేల్చేశారు. నెల్లీ వేషం పోయింది తన మూలంగానేనా అని ఐరిస్‌కి అనుమానం. అడగడానికి ఎవరూ లేరు.

వసంతంలో ఒక శనివారం తలుపు చప్పుడైంది. వానకోటులో నెల్లీ ఫాక్సాల్. "డార్లాస్టన్ వచ్చాను. అమ్మ సమాధి దగ్గరికి. రెండు మైళ్లే కదా అని నడిచాను" అంది. యాస ఇంకా పూర్తిగా కుదరలేదు, కొత్త చెప్పుల్లా అక్కడక్కడా కొరుకుతోంది.

ఐరిస్ తలుపు పూర్తిగా తీయలేదు. ఆవిడ కళ్లు నెల్లీ భుజానికున్న సంచి మీద ఉన్నాయి. పెద్ద సంచి. అందులో ఏదైనా పడుతుంది. నెల్లీ ఆ చూపు పసిగట్టింది. ఏమీ అనకుండా లోపలికొచ్చి, సంచి తెరిచి బల్ల మీద బోర్లించింది. దువ్వెన, బస్సు టికెట్లు, పెదవుల రంగు, సగం తిన్న బిస్కెట్ పొట్లం, తడిసిన చేతిగుడ్డ. యంత్రం ఏమీ లేదు.

"చూసుకున్నారా?"

"చూసుకున్నాను" అంది ఐరిస్. మొహం కందింది గానీ, క్షమించమని అడగలేదు. నీళ్లు పొయ్యి మీద పెట్టింది. చాలాసేపు కూర్చున్నారు ఇద్దరూ. బోల్టుల సంగతి, తాళాల సంగతి, ఒంటిచేతి కొట్టువాడి సంగతి, ఏ వీధి పడగొట్టారు, ఏ వీధి మిగిలింది. నెల్లీ వెళ్తూ వెళ్తూ, "మీ అమ్మగారి ముచ్చట్లు ఇంకేమైనా ఉన్నాయా?" అంది.

"లేవు" అంది ఐరిస్.

మరుసటి నెల నెల్లీ మళ్లీ వచ్చింది. ఈసారి సంచి తేలేదు. అప్పుడు ఐరిస్ అమ్మ ముచ్చట ఒకటి చెప్పింది, చిన్నది.